ముస్లిం ఉద్యోగులకు, విద్యార్థులకు వెసులుబాటు కల్పించడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంస్థల నిర్వాహకుల కోసం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని దుకాణాల్లో, ప్రైవేటు బడుల్లో, రొయ్యల కంపెనీల్లో, గ్రానైటు ఫ్యాక్టరీల్లో ముస్లిం ఉద్యోగులు శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లి రావడం చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తోంది. మేనేజరు మంచివాడైతే తల ఊపుతాడు, ఉద్యోగి వెళ్లి వస్తాడు, ఆ సంగతి ఏ కాగితం మీదా ఉండదు. ఆ మేనేజరు బదిలీ అయిన మరుసటి వారం అదే ఉద్యోగి మళ్లీ మొదటి నుంచి బతిమాలుకోవలసి వస్తుంది. కొత్తగా వచ్చిన అధికారికి అది పని ఎగ్గొట్టడంగా కనిపించవచ్చు, పక్కన పనిచేసేవారికి ఎవరికో చేస్తున్న ప్రత్యేక మర్యాదగా తోచవచ్చు. మత స్వేచ్ఛకు సంబంధించిన వెసులుబాటు ఒక వ్యక్తి మంచితనం మీద ఆధారపడి ఉండరాదని, ముందుగా ఆలోచించి అందరికీ తెలిసేలా రాసిపెట్టుకున్న ఏర్పాటుగా ఉండాలని నా గట్టి నమ్మకం. అలా రాసుకోవడానికి ఏమేమి తెలుసుకోవాలో, దేనికి ఒప్పుకోవాలో, ఎక్కడ కాదనవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ప్రధానోపాధ్యాయులు, హాస్టలు వార్డెన్లు, కంపెనీల్లో సిబ్బంది వ్యవహారాలు చూసేవారు, ఆసుపత్రుల పాలకులు, అపార్టుమెంటు సంఘాల పెద్దలు దీన్ని తమ చోటికి తగినట్టు మలచుకోవచ్చు.

ఈ ప్రాంతానికి కలిసి బతకడం కొత్త కాదు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె ఇచ్చిపుచ్చుకునేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. కసుమూరు, ఏఎస్ పేట దర్గాలకు మొక్కుకునే హిందూ కుటుంబాలకు కొదవ లేదు. అయితే పండుగనాటి ఆ చనువు హాజరుపట్టీలోకి, డ్యూటీ చార్టులోకి, యూనిఫాం నిబంధనలోకి తనంత తానుగా ప్రవేశించదు. దర్గా దగ్గర రొట్టె పుచ్చుకున్న యజమానే రంజాన్ నెలలో సాయంత్రం షిఫ్టు మార్చమని ఎవరైనా అడిగితే విసుక్కోవచ్చు. ఆయన మనసులో ద్వేషం ఉండనక్కరలేదు. ఆ కోరికకు సంస్థ నియమాల్లో చోటు లేకపోతే చాలు, అది అడిగిన ప్రతిసారీ చికాకుగా మారుతుంది.

చట్టం చెప్పేది, చెప్పనిది

రాజ్యాంగంలోని 25వ అధికరణ ప్రతి వ్యక్తికీ అంతరాత్మ స్వేచ్ఛను, తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును ఇస్తూనే, ఆ హక్కును ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ఇతర ప్రాథమిక హక్కులకు లోబరిచింది. 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండరాదు. ప్రభుత్వ గుర్తింపు గాని, నిధుల సాయం గాని పొందిన ఏ విద్యాసంస్థలోనూ విద్యార్థిని, అతను మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనలో గాని ఆరాధనలో గాని పాల్గొనమని నిర్బంధించరాదు. కార్పొరేటు బడులు సైతం గుర్తింపు పొందినవే కనుక సరస్వతీ పూజకు గాని, క్రిస్మస్ ప్రార్థనకు గాని పిల్లలందరినీ తప్పనిసరిగా కూర్చోబెట్టే ముందు ఈ అధికరణను ఒకసారి చదువుకోవడం మంచిది. 15వ అధికరణ రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి మతం కారణంగా ఎవరినీ అడ్డుకోరాదని చెబుతుంది. రాజ్యాంగ పీఠికలో లౌకిక అనే మాట 1976లో 42వ సవరణ ద్వారా చేరింది. లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని సుప్రీంకోర్టు 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో స్పష్టం చేసింది.

ఇక చట్టం చెప్పనిదాన్ని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈ ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తాయి. వికలాంగుల విషయంలో 2016 నాటి చట్టం తగిన సర్దుబాటు చేయడాన్ని బాధ్యతగా పేర్కొన్నట్టు, మత విశ్వాసం కోసం ప్రైవేటు యజమాని సర్దుబాటు చేయాలని ఆదేశించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం కింద ఆ బాధ్యత ఉంది. ఆదివారం పనిచేయనన్న ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి కేసులో అక్కడి సుప్రీంకోర్టు 2023లో తీర్పు ఇస్తూ, కాదనాలంటే తన వ్యాపారం మీద గణనీయమైన అదనపు భారం పడుతుందని యజమాని చూపాలని చెప్పింది. ఫ్రాన్సు మరో దారిలో వెళ్లి 2004లో ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలను నిషేధించింది. మన లౌకికత్వం ఫ్రాన్సు తరహాది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఒక గంట ముందుగా వెళ్లడానికి అనుమతిస్తూ ఉత్తర్వులు ఇస్తూ వస్తోంది. ప్రైవేటు సంస్థకు ఆ ఉత్తర్వు వర్తించకపోయినా, మంచి నమూనాగా పనికివస్తుంది.

నిర్వాహకులు తప్పక తెలుసుకోవలసిన తీర్పు ఇంకొకటి ఉంది. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం పాడే వేళ గౌరవంగా లేచి నిలబడేవారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని గొంతు కలిపేవారు కాదు. బడి వారిని వెళ్లగొట్టింది. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారే. ఒక విశ్వాసం మన తర్కానికి నచ్చిందా అన్నది ప్రశ్న కాదని, దాన్ని ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడా అన్నదే చూడాలని ఆయన చెప్పారు. మన సంప్రదాయం, మన తాత్వికత, మన రాజ్యాంగం మూడూ సహనం వైపే ఉన్నాయని, దాన్ని పలుచన చేయవద్దని తీర్పు చివర హెచ్చరించారు. మీ బల్ల ముందుకు వచ్చిన ఉద్యోగిని "ఇది మీ మతంలో తప్పనిసరా, ఫలానా సాయిబు చేయడం లేదే" అని అడగవలసిన అవసరం లేదని దీని సారాంశం. ఏది మతంలో అత్యవసర ఆచారం అన్న చర్చ 1954 నుంచి కోర్టుల్లో సాగుతూనే ఉంది. దాన్ని కోర్టులకే వదిలిపెట్టి, మీరు అవసరాన్ని, వీలును మాత్రం చూసుకోవాలి.

ఇదే కారణంతో పేరు చూసి గాని, ఒకరిని చూసి గాని అందరినీ అంచనా వేయకండి. ఈ జిల్లాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి, ఇంట్లోనూ బయటా తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలూ ఉన్నాయి. దర్గాలకు వెళ్లేవారున్నారు, అది తగదనే ముస్లింలూ ఉన్నారు. ఐదు పూటలా నమాజు చేసేవారు ఉన్నట్టే, శుక్రవారానికి మాత్రమే వెళ్లేవారూ ఉన్నారు. సంస్థలో ఉన్న ఒక్క ముస్లిం ఉద్యోగిని పిలిచి మీవాళ్లందరికీ ఏమి కావాలో చెప్పమనడం ఆయన మీద అన్యాయమైన బరువు మోపడమే. ఎవరి అవసరం వారే చెప్పుకునేలా దారి ఉండాలి.

నమాజు: వేళలు, చోటు

రోజుకు ఐదు నమాజులంటే ఐదుసార్లు పని ఆగిపోతుందని భయపడే యజమానులు వేళల సంగతి తెలుసుకుంటే ఆ భయం తీరుతుంది. తెల్లవారుజామున చేసే ఫజర్, రాత్రి చేసే ఇషా సాధారణ పనివేళల బయటే ఉంటాయి. మధ్యాహ్నపు జుహర్‌కు పొద్దు వాలినప్పటి నుంచి సాయంత్రపు నమాజైన అసర్ వేళ వచ్చేదాకా, అంటే రమారమి మూడు నాలుగు గంటల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఎప్పుడైనా చేయవచ్చు కనుక భోజన విరామంలోనే ఇమిడిపోతుంది. అసర్‌కు కూడా సూర్యాస్తమయం దాకా సమయం ఉంటుంది, టీ విరామం సరిపోతుంది. ఇరుకైనది ఒక్క మగ్రిబ్ మాత్రమే. సూర్యుడు అస్తమించాక ఎక్కువ ఆలస్యం చేయకుండా దాన్ని పూర్తి చేయాలి. కాబట్టి సాయంత్రం షిఫ్టు నడిపే సంస్థలు నిజంగా ఆలోచించవలసింది ఆ పది పదిహేను నిమిషాల గురించి. యంత్రం దగ్గర ఎవరు నిలబడతారో ముందే చార్టులో వేసుకుంటే సరిపోతుంది.

శుక్రవారపు జుమా సంగతి వేరు. మగవారు దాన్ని జమాతుతో, అంటే అందరితో కలిసి, సాధారణంగా మసీదులోనే చేయాలి, ఆఫీసులో ఒంటరిగా చేసుకుంటే చెల్లదు. ఖుత్బా అనే ప్రసంగం, నమాజు, రాకపోకలు కలుపుకొని ముప్పావు గంట నుంచి గంటన్నర దాకా పట్టవచ్చు. నెల్లూరు కోటమిట్టలో ఉన్నవారికి మసీదు నడిచేంత దూరం. ముత్తుకూరు దగ్గరి కంపెనీలోనో, చీమకుర్తి క్వారీలోనో పనిచేసేవారికి అలా కుదరదు. ఏ మసీదుకు వెళ్తారో, అక్కడ జమాతు ఎన్నింటికో ఉద్యోగినే అడిగి రాసుకోండి. మసీదుకూ మసీదుకూ వేళలో తేడా ఉంటుంది కనుక, ఒకే విభాగంలో ఇద్దరు ముస్లిం ఉద్యోగులు ఉన్నప్పుడు ఒకరు తొలి జమాతుకు, మరొకరు ఆలస్యంగా జరిగే జమాతుకు వెళ్లే ఏర్పాటు కూడా చేయవచ్చు. భోజన విరామానికి మించిన సమయాన్ని ఆ రోజు సాయంత్రమో, మరో రోజు ఉదయమో పూరించమని అడగడంలో తప్పులేదు. చాలామంది ఉద్యోగులు అలా లెక్క తేలడాన్నే ఇష్టపడతారు, ఎందుకంటే అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు.

నమాజు గది కోసం కొత్తగా ఏమీ కట్టనక్కరలేదు. ఇద్దరు ముగ్గురు జానిమాజు (నమాజు చాప) పరుచుకునేంత శుభ్రమైన చోటు, చెప్పులు విడిచే గుమ్మం, ఎదురుగా పటాలు గాని విగ్రహాలు గాని లేని గోడ ఉంటే చాలు. మన జిల్లాల నుంచి మక్కా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. నమాజుకు ముందు చేసే వజూ అనే శుద్ధి కోసం కాళ్లు కడుక్కోవలసి ఉంటుంది కాబట్టి వాష్ బేసిన్ దగ్గర నేలంతా తడుస్తోందనే ఫిర్యాదు సాధారణంగా వస్తుంది. కిందివైపు ఒక కుళాయి పెట్టించి, కూర్చోవడానికి చిన్న అరుగు కట్టిస్తే ఆ తగువు తీరిపోతుంది. ఆడవారికి వేరే సమయం గాని, అడ్డుతెర గాని అవసరం. ఆ గదిని ముస్లింల గది అని పిలవకుండా, ప్రార్థనకో మౌనానికో కాసేపు ఒంటరిగా కూర్చోదలచిన ఎవరికైనా తెరిచి ఉంచడం మేలని నా అభిప్రాయం.

రంజాన్ నెల

ఇస్లామీయ సంవత్సరం చాంద్రమానాన్ని అనుసరించి 354 లేదా 355 రోజులే ఉండడం వల్ల రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న ఉపవాసాలు మొదలయ్యాయి. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి రంజాన్ నెల మొదలవుతుంది. నియమంలో ఫలానా నెల అని రాసుకుంటే కొన్నేళ్లకే అది పనికిరాకుండా పోతుంది. పండుగ నెలవంక కనిపించడాన్ని బట్టి ఖరారవుతుంది కనుక సెలవును ఒక తేదీకి కట్టివేయకుండా రెండు తేదీలు ఖాళీగా ఉంచుకోవాలి. ముందురోజు రాత్రి ఫోను చేసి రేపు పండుగ అని చెప్పిన ఉద్యోగిని ముందే ఎందుకు చెప్పలేదని నిలదీయడం న్యాయం కాదు.

ఉపవాసం ఉన్నవారు తెల్లవారుజామున తినే సహరీ భోజనం ముగిసినప్పటి నుంచి సూర్యాస్తమయం వరకు మంచినీళ్లు కూడా ముట్టరు. మధ్యాహ్నం తర్వాత ఒంట్లో సత్తువ తగ్గుతుంది, రాత్రి తరావీహ్ నమాజు వల్ల నిద్రా తగ్గుతుంది. వీలున్నచోట ఉదయం షిఫ్టు ఇవ్వడం, బరువు పనులు పగటి మొదటి భాగంలో పెట్టడం, భోజన విరామాన్ని సాయంత్రానికి మార్చి త్వరగా పంపడం మంచి ఏర్పాట్లు. అయితే ఇవేవీ ఉద్యోగిని అడగకుండా చేయకండి. ఉపవాసం ఉన్నాడు కదా అని క్రేన్ పని నుంచి తప్పించి, దానితోపాటు వచ్చే భత్యాన్ని కోసేస్తే మేలు చేయబోయి నష్టం చేసినట్టవుతుంది. సాయంత్రం పనిలో ఉండక తప్పనివారిని సూర్యాస్తమయానికి కొన్ని నిమిషాలు ముందుగా వదలాలి. ఖర్జూరంతో, నీళ్లతో ఇఫ్తార్ చేసి మగ్రిబ్ ముగించుకొని వస్తారు. తోటివారు తమ భోజనం తాము మామూలుగా చేయవచ్చు, క్యాంటీను మూయవలసిన పనిలేదు. ఉపవాసం ఉన్నవారు కోరేది సాధారణంగా అది కాదు.

ఒక విషయాన్ని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది పురుష అధికారుల దృష్టికి రాదు. నెలసరిలో ఉన్న స్త్రీలు ఉపవాసం ఉండరు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, రోగులకు, ప్రయాణంలో ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఒకరోజు మంచినీళ్లు తాగుతున్న ఉద్యోగినిని "ఏమ్మా, ఈరోజు ఒక్కపొద్దు లేవా" అని నలుగురిలో అడగడం చనువుగా అనిపించినా, ఆమెకు అది చెప్పుకోలేని ఇబ్బంది. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని లెక్క తీయడం ఎవరి పనీ కాదు. వెసులుబాటు ఉత్తర్వులోనే ఈ మాట రాయడం అవసరమని నేను భావిస్తాను.

బడుల్లో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఇటీవల రంజాన్ నెలలోనే వచ్చాయి. పరీక్ష తేదీలు మీ చేతిలో ఉండవు గాని, ప్రీఫైనల్ వేళలు, స్టడీ అవర్లు మీ చేతిలోనే ఉన్నాయి. సాయంత్రం ఏడున్నర దాకా స్టడీ అవర్లు నడిపే బడి ఉపవాసం ఉన్న పిల్లలను సూర్యాస్తమయానికి ఇల్లు చేరేలా పంపాలి. ఆటల పీరియడులో గ్రంథాలయానికి వెళ్లే వీలు ఇవ్వాలి. చిన్నపిల్లలకు ఉపవాసం విధి కాదు. అయినా ఇంట్లో పెద్దలను చూసి ఉత్సాహంగా ఉంటారు. కళ్లు తిరుగుతున్న పిల్లవాడికి ప్రథమ చికిత్స చేసి తల్లిదండ్రులకు ఫోను చేయాలి. తరగతి ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వడం మాత్రం ఏ ఉపాధ్యాయుడికీ తగదు.

దుస్తులు, గడ్డం

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ నిబంధన వెనక ఉన్న అసలు అవసరం ఏమిటి, అదే అవసరం తీరే ఇంకో దారి ఉందా? రొయ్యల కంపెనీలో తల వెంట్రుకలు సరుకులో పడకూడదన్నది అవసరం. హిజాబ్ ఆ అవసరానికి అడ్డు కాదు. కంపెనీ ఇచ్చే ఉతికిన తలగుడ్డను, దానిపైన మామూలు టోపీని వాడమంటే పరిశుభ్రతా నిలుస్తుంది, ఆమె విశ్వాసమూ నిలుస్తుంది. తిరిగే యంత్రంలో వదులుగా వేలాడే బుర్ఖా చిక్కుకునే ప్రమాదం నిజమైనదే కనుక యంత్రం దగ్గర బుర్ఖా కుదరదని చెప్పవచ్చు, దాని బదులు ఒంటినిండా కప్పే పొడుగు చేతుల కోటు ఇవ్వవచ్చు. గ్రానైటు కోత దగ్గర లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. ముఖానికి బిగుతుగా అంటుకోవలసిన మాస్కు గుబురు గడ్డం మీద సరిగా అతకదు. అప్పుడు తలంతా కప్పి గాలి అందించే రకం మాస్కు గాని, దుమ్ము లేని విభాగంలో పని గాని చూడాలి. రెండూ కుదరకపోతే కాదనడానికి మీ దగ్గర గట్టి కారణం ఉన్నట్టే. అదే దుకాణంలో బిల్లు వేసే ఉద్యోగి గడ్డం తీయాలని పట్టుబట్టడానికి మాత్రం ఏ కారణమూ కనిపించదు.

మనలో చాలామందికి ఈ లెక్క ఇప్పటికే తెలుసు. కార్తీక మాసం వచ్చిందంటే అయ్యప్ప మాల వేసుకున్న ఉద్యోగి నల్లబట్టలతో, గడ్డంతో, చెప్పులు లేకుండా ఆఫీసుకు వస్తాడు, అందరూ స్వామీ అని పిలుస్తారు, యూనిఫాం ఏదని ఎవరూ అడగరు. అది చక్కని అలవాటు. ఆ మన్ననే హిజాబ్ వేసుకున్న అమ్మాయికీ, టోపీ పెట్టుకున్న అబ్బాయికీ దక్కుతోందా అని ప్రతి నిర్వాహకుడూ తనను తాను ప్రశ్నించుకోవాలి. ఫ్యాక్టరీ లోపల మాత్రం అయ్యప్ప స్వామి కూడా భద్రతా బూట్లు వేసుకోక తప్పదు. విశ్వాసాన్ని బట్టి కాకుండా ప్రమాదాన్ని బట్టి గీత గీస్తే ఆ గీతను ఎవరూ తప్పుపట్టరు.

బడుల్లో హిజాబ్ గురించి వార్తలు చూసి కంగారుపడే యాజమాన్యాలు ఉన్నాయి. తరగతి గదుల్లో హిజాబ్‌కు అడ్డుపడిన కర్ణాటక ప్రభుత్వ యూనిఫాం ఉత్తర్వును ఆ రాష్ట్ర హైకోర్టు 2022 మార్చిలో సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు ఇవ్వడంతో విషయం విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. ఆ ఉత్తర్వు కర్ణాటకది, మన రాష్ట్రానికి వర్తించదు. యూనిఫాం రంగులోనే ఉన్న తలగుడ్డకు అనుమతిస్తే క్రమశిక్షణ చెడదు, ఆడపిల్ల చదువు ఆగదు. నా దృష్టిలో ఈ రెండో సంగతికే ఎక్కువ విలువ ఇవ్వాలి. పరీక్ష హాలులో గుర్తింపు కోసం ముఖం చూడవలసి వస్తే పక్క గదిలో మహిళా సిబ్బంది చూడాలి. నీట్ పరీక్షలోనే మతపరమైన దుస్తుల్లో వచ్చేవారు తనిఖీ కోసం ముందుగా రావాలనే ఏర్పాటు ఉంది. ఆ పద్ధతినే మీరూ అనుసరించవచ్చు.

హాస్టలు, ఆసుపత్రి, అద్దె ఇల్లు

హాస్టలు మెస్‌లో మాంసం వండే రోజున అది హలాల్ దుకాణం నుంచి వచ్చిందో లేదో బోర్డు మీద రాయండి. మన పల్లెల్లో చాలాచోట్ల హిందువుల ఇంటి శుభకార్యానికి కూడా యాట కోయడానికి సాయిబునే పిలిచే అలవాటు ఉంది, కనుక ఇది మనకు తెలియని వ్యవహారం కాదు. హలాల్ తినని విద్యార్థులు ఎవరైనా ఉంటే వారికీ ఆ బోర్డు ఉపయోగపడుతుంది. రంజాన్‌లో సహరీ కోసం రాత్రే వండిన అన్నం, పెరుగు, అరటిపండు, తెల్లవారుజామున వేడి చేసుకోవడానికి ఒక స్టవ్ ఉంటే సరిపోతుంది.

మరణం సంభవించినప్పుడు వీలైనంత త్వరగా, సాధారణంగా అదే రోజు, ఖబరస్తాన్‌కు తీసుకువెళ్తారు. అందుచేత జనాజాకు, అంటే అంత్యక్రియలకు, వెళ్లే ఉద్యోగికి ముందస్తు దరఖాస్తు నియమం నుంచి మినహాయింపు ఉండాలి. ఆసుపత్రుల వారు ఇంకొంత తెలుసుకోవాలి. తగిన వెలుతురు, సదుపాయాలు ఉన్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో అనుమతించింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన మృతదేహం, అనుమానాస్పద మరణం వంటి సందర్భాలను మాత్రం, శాంతిభద్రతల అవసరం ఉంటే తప్ప, రాత్రి చేపట్టరాదు. రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషి కోసం రాత్రంతా మార్చురీ బయట కూర్చున్న కుటుంబానికి ఈ సంగతి చెప్పగల సిబ్బంది ఒకరైనా ఉండాలి. భర్తను పోగొట్టుకున్న ముస్లిం ఉద్యోగిని నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ అనే నిరీక్షణ కాలం పాటించవచ్చు. జీవనోపాధి కోసం పగటిపూట పనికి వెళ్లవచ్చని పలువురు ఉలేమాలు (మత పండితులు) చెబుతారు. వెళ్లకూడదనుకునే కుటుంబాలూ ఉన్నాయి. ఆమె ఏది ఎంచుకున్నా ఉద్యోగం పోదని మొదటి వారంలోనే చెప్పండి. జీతంతో కూడిన సెలవు, జీతం లేని సెలవు, ఇంటి నుంచి చేయగల పని కలిపి ఒక దారి చూపండి.

ముస్లింలకు ఇల్లు అద్దెకు ఇవ్వబోమనే మాట నెల్లూరులోనూ ఒంగోలులోనూ వినిపించకపోలేదు. ప్రైవేటు యజమానిని దీనిపై నేరుగా నిలదీసే చట్టం బలహీనంగా ఉంది గాని, అపార్టుమెంటు సంఘం చేయగలిగింది చాలా ఉంది: అద్దెదారుల మతం గురించి సంఘం ఎలాంటి షరతూ పెట్టదని తీర్మానించి మినిట్స్‌లో రాయవచ్చు. చెత్త, మాంసపు వ్యర్థాలు, లిఫ్టు శుభ్రత గురించి నిబంధనలు అందరికీ ఒకటే ఉంటే చాలు.

మైకుల సంగతి కూడా అందరికీ ఒకే కొలతతోనే తేలాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడరాదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. అదే ఏడాది సుప్రీంకోర్టు ఒక చర్చికి సంబంధించిన కేసులో ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తీర్పు ఇచ్చింది. ఫజర్ అజాన్ మీద ఫిర్యాదు చేసే కాలనీ సంఘం ధనుర్మాసపు తెల్లవారుజాము పాటలకూ, ఆదివారం ప్రార్థనా మందిరపు మైకుకూ అదే నిబంధనను చూపాలి. పోలీసుల దగ్గరికి పోయే ముందు మసీదు నిర్వహణ చూసే ముతవల్లినో, నమాజు చేయించే పేష్ ఇమామునో కలిసి హారన్ల దిశ, ధ్వని స్థాయి గురించి మాట్లాడడం ఉత్తమం.

నియమం రాసుకోవడం, కాదనవలసి వస్తే కాదనడం

నియమం ఒక పేజీకి మించనక్కరలేదు. అందులో ఏ మతం పేరూ రాయకండి. ఇలా ఉండవచ్చు: "మత విశ్వాసం కారణంగా పనివేళ, దుస్తులు, భోజనం, సెలవు విషయంలో మార్పు కోరే ఏ ఉద్యోగి అయినా, విద్యార్థి అయినా దరఖాస్తు ఇవ్వవచ్చు. ఏడు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబు ఇస్తాము. భద్రత, ఆరోగ్యం, తోటివారిపై లేదా సంస్థపై పడే గణనీయమైన భారం అనే కారణాలతో మాత్రమే కాదంటాము. కాదన్నప్పుడు కారణాన్ని, ఇవ్వగల ప్రత్యామ్నాయాన్ని తెలియజేస్తాము. ఈ వెసులుబాటు పొందినందువల్ల ఎవరి జీతం, పదోన్నతి, మార్కులు, హాజరు తగ్గవు." ఆదివారం చర్చికి వెళ్లే నర్సుకూ, భవానీ దీక్షలో ఉన్న డ్రైవరుకూ ఇదే పేజీ వర్తిస్తుంది కనుక ప్రత్యేక మర్యాద అన్న మాటకు తావుండదు.

భారం ఎవరి మీద పడుతుందో చూడడం మరచిపోకండి. శుక్రవారం ప్రతిసారీ అదే తోటి ఉద్యోగి కౌంటరు చూసుకుంటుంటే ఆయనలో అసహనం పెరగడం సహజం. వంతులు మార్చండి, సంక్రాంతికో దసరాకో ఆయన సెలవు పెట్టినప్పుడు ముస్లిం ఉద్యోగి డ్యూటీ చేసేలా చూడండి. చిన్న సంస్థల్లో సర్దుబాట్లు ఇలాగే నిలబడతాయి. ముగ్గురే పనిచేసే మందుల దుకాణంలో రద్దీ వేళ ఇద్దరు ఒకేసారి బయటికి పోవడం కుదరదని చెప్పడం న్యాయమైన నిరాకరణే. ఖాతాదారులకు నచ్చదేమో అన్నది మాత్రం కారణం కానేకాదు. ఆ మాట ఒప్పుకుంటే సంస్థ నియమాలను రాసేది ఊళ్లోని అయిష్టాలే అవుతాయి.

దరఖాస్తుకు నిరాకరణ ఎదురైన ఉద్యోగికి సంస్థలోనే పైవారి దగ్గర చెప్పుకునే దారి చూపండి. ప్రభుత్వ సంస్థల విషయంలో జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయం, రాష్ట్ర మైనారిటీ కమిషన్ ఉన్నాయి. 1992 చట్టం కింద ఏర్పడిన జాతీయ మైనారిటీల కమిషన్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. నియమాన్ని తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టి, ఉర్దూ చదివేవారు ఉన్నచోట ఉర్దూలోనూ పెట్టండి. కొత్త మేనేజరు చేరిన రోజున ఇచ్చే కాగితాల్లో దాన్ని కలపండి. ఏటా షాబాన్ నెల మొదట్లో, అంటే రంజాన్‌కు దాదాపు నెల ముందు, డ్యూటీ చార్టు వేసేవారిని, ముస్లిం ఉద్యోగులను, వారి బదులు పనిచేసేవారిని ఒకచోట కూర్చోబెట్టి పోయిన ఏడాది ఏ షిఫ్టులో ఇబ్బంది వచ్చిందో అడిగి, ఆ ఏటి చార్టును అక్కడే ఖరారు చేసి సంతకాలు తీసుకోండి.